లైటు ఆరని హైబర్నేట్

జూన్ నెలాఖరులో, మామిడి సీజన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు వచ్చిన కేసు ఇది. తిరుపతి తిలక్ రోడ్డు దగ్గర ఒక సందులో మాది చిన్న లాప్‌టాప్ సర్వీసు షాపు. హైబర్నేట్, అంటే తెరిచిన పనినంతా డిస్క్‌లో దాచి మిషన్‌ను పూర్తిగా ఆపేసే ఏర్పాటు, పని చేయడం లేదంటూ మా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ. చాలామంది స్లీప్‌తోనో షట్‌డౌన్‌తోనో సరిపెట్టుకుంటారు. అందుకే ఈ కేసులో నేను ఏం చూశాను, ఎక్కడ పొరబడ్డాను, చివరికి ఏది దొరికింది అన్నది మొత్తం రాసిపెడుతున్నాను. ఇదే లక్షణంతో ఇంకో మిషన్ ఎవరి బల్ల మీదికైనా వస్తే వాళ్లకు రెండు రోజులు కలిసొస్తాయి.

తెచ్చినామె అకౌంటెంట్. వయసు ముప్పై ఉంటుంది. చిత్తూరు చుట్టుపక్కల మూడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లెక్కలు రాస్తుంది. తోతాపురి కాయ దిగే రోజుల్లో ఆమెకు ఊపిరాడదు. ఎవరి ట్రాక్టరు, ఎన్ని టన్నులు, తరుగు ఎంత తీశారు, రేటు ఎంత కట్టారు అని పగలంతా కాటా చీటీలు ఎక్కిస్తూనే ఉంటుంది. సాయంత్రం బస్సెక్కి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతిలో ఇంటికి వస్తుంది. దాదాపు డెబ్బై కిలోమీటర్ల దారి. భోజనం అయ్యాక మళ్లీ అదే పని.

“అన్నా, మూత వేసి బ్యాగులో పెట్టుకోని బస్సెక్కినాను. ఇంటికొచ్చి తీస్తే చచ్చిపోయి ఉండాది. చార్జర్ పెట్టి ఆన్ చేస్తే అంతా మొదటి నుంచి. ముందు హైబర్నేట్ అని ఒకటి ఉండేది, ఇప్పుడు అదీ కనపడటం లేదు” అంది.

పని ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోవచ్చు కదమ్మా అన్నాను.

“చేస్తానే ఉంటానన్నా. కానీ ట్యాలీలో ఒక కంపెనీ, ఎక్సెల్‌లో మూడు షీట్లు, రెండు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎక్కడి దాకా చూసినానో ఆ వరస. అదంతా మళ్లీ పరుచుకునేసరికి అర్ధగంట పోతాది. పైగా ఆ రోజు ముప్పై చీటీలు సేవ్ కాకనే పోయినాయి.”

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. హైబర్నేట్ ఉన్నదే ఇలాంటి మనిషి కోసం. అప్పటికే నెల కిందట ఇంకో షాపులో బ్యాటరీ కూడా మార్పించుకుంది. “బ్యాటరీ వీక్, అందుకే ఆగిపోతోంది” అని చెప్పారట. కొత్త బ్యాటరీతోనూ అదే కథ.

మిషన్ పాతదే. నాలుగో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తర్వాత వేయించుకున్న 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. కొన్నప్పుడు విండోస్ 8.1తో వచ్చింది, ఇప్పుడు విండోస్ 10 నడుస్తోంది. ఒళ్లు బాగానే ఉంది. ఫ్యాన్‌లో దుమ్ము తప్ప తడి తగిలిన గుర్తులు లేవు.

ఇక్కడ హైబర్నేట్ ఎలా జరుగుతుందో కాస్త చెప్పుకోవాలి, కేసంతా దాని మీదే నడిచింది. స్లీప్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, మిగతావన్నీ ఆగిపోతాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది. హైబర్నేట్ అయితే ర్యామ్‌లో ఉన్నదంతా కుదించి సి డ్రైవ్‌లో హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైల్లోకి రాసేసి, మిషన్‌ను పూర్తిగా ఆపేస్తుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ ఫైలు చదివి, వదిలిన చోటే నిలబెడుతుంది. అంటే ఇందులో నాలుగు మెట్లున్నాయి. ముందు సిస్టమ్ హైబర్నేట్‌కు ఒప్పుకోవాలి. తర్వాత ర్యామ్‌ను ఫైల్లోకి రాయాలి. రాశాక కరెంటు కట్ చేయాలి. ఆన్ చేసినప్పుడు తిరిగి చదవాలి. వీటిలో ఏ మెట్టు తప్పినా కస్టమర్ నోట వచ్చే మాట ఒకటే: “హైబర్నేట్ కావడం లేదు.” కానీ ఒక్కో మెట్టుకు మందు వేరు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చకుండా డ్రైవర్లు (విండోస్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య మాట నడిపే సాఫ్ట్‌వేర్) మార్చడం, విండోస్ మళ్లీ వేయడం అంటే చీకట్లో రాయి విసరడమే.

మొదటి మెట్టు చూడటానికి అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్, ఎ కొట్టాలి. ఈ మిషన్‌లో ఏయే నిద్ర స్థితులు పని చేస్తాయో, పని చేయనిది ఎందుకు చేయడం లేదో వరసగా చెబుతుంది. ఎస్3 స్లీప్ (పైన చెప్పిన, ర్యామ్‌కు మాత్రం కరెంటు అందే స్లీప్) ఉంది, ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ తర్వాత మిషన్ త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటు) ఉంది. హైబర్నేట్ మాత్రం లేదు. కారణంగా ఈ హైబర్‌ఫైల్ రకం హైబర్నేట్‌కు పనికిరాదని ఇంగ్లీషులో ఒక వాక్యం.

ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. హైబర్నేట్‌ను పూర్తిగా ఆపేసి ఉంటే “ఎనేబుల్ చేయలేదు” అని వస్తుంది, అప్పుడు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఉండదు. ఇక్కడ ఫైలు ఉంది, కానీ చిన్నది. విండోస్ 10లో ఈ ఫైలు రెండు రకాలు. ఫుల్ రకం ర్యామ్‌లో 40 శాతం తీసుకుంటుంది. రెడ్యూస్డ్ రకం 20 శాతమే, అది ఫాస్ట్ స్టార్టప్‌కు మాత్రమే సరిపోతుంది. దాచి ఉంచిన ఫైళ్లను చూపించే డిర్ కమాండ్‌తో సైజు చూశాను. 1.6 జీబీ దగ్గర ఉంది. 8 జీబీకి లెక్క కట్టండి, సరిగ్గా 20 శాతం. సి డ్రైవ్‌లో చోటు మిగల్చడానికి ఎవరో దీన్ని కుదించారు. బ్యాటరీ మార్చిన రోజే “స్పీడు కూడా పెంచి ఇస్తాం” అని ఏదో చేశారని ఆమెకు గుర్తుకొచ్చింది. ఫాస్ట్ స్టార్టప్ పోలేదు కాబట్టి మిషన్ త్వరగానే ఆన్ అవుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు.

మందు ఒక్క లైను. అదే కమాండ్‌కు స్లాష్ హైబర్నేట్, స్లాష్ టైప్, ఫుల్ అని చేర్చి కొట్టాను. ఫైలు 3.2 జీబీకి పెరిగింది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే పేజీకి వెళ్లి హైబర్నేట్‌కు టిక్ పెడితే స్టార్ట్ మెనూలోకి వచ్చింది. మూత వేస్తే జరిగే పని స్లీప్ అని ఉంది, హైబర్నేట్‌గా మార్చాను. రెండుసార్లు చేసి చూశాను. రెండుసార్లూ ఆగింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. ఐదు వందలు తీసుకుని పంపించాను.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. మిషన్‌లో ఎప్పుడేం జరిగిందో విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ లాగ్ నేను తెరిచాను. సాయంత్రం ఆరుకు పది నిమిషాల ముందు కెర్నల్ పవర్ 42, అంటే నిద్రలోకి వెళ్తున్నానని. రాత్రి తొమ్మిదిన్నరకు కెర్నల్ పవర్ 41, అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ ఆన్ అయిందని. స్లీప్‌లో పెట్టింది, దారిలో బ్యాటరీ అయిపోయింది, పని పోయింది అని చదువుకుని మూసేశాను. కానీ నెల కిందట వేసిన బ్యాటరీ ఎస్3 స్లీప్‌లో మూడున్నర గంటలకే ఎలా అయిపోతుంది? ఆ స్థితిలో మంచి బ్యాటరీ రోజుల తరబడి నిలబడుతుంది. ఆ ప్రశ్న నాకు అప్పుడే రావాల్సింది. కళ్ల ముందు ఒక కారణం దొరికేసరికి రెండోది వెతకలేదు.

ఐదో రోజు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి చెప్పింది వేరే.

“అన్నా, చీటీలన్నీ ఉండాయి, ఒక్కటీ పోలేదు. కానీ బ్యాటరీ మళ్లీ సున్నా. బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలినాయి.”

ఈ మూడు ముక్కల్లో సగం పరీక్ష అయిపోయింది. పని తిరిగొచ్చిందంటే సిస్టమ్ ఒప్పుకుంది, ఫైలు పూర్తిగా రాసింది, తిరిగి చదివింది. బ్యాటరీ పోయింది, బ్యాగు వేడెక్కింది అంటే కరెంటు మాత్రం కట్ కాలేదు. మూడో మెట్టు. లేదా ఆగి, దారిలో తనంతట తాను లేచి ఉండాలి. ఈ రెంటిలో ఏదో తేల్చాలి.

తానే లేచి ఉంటే లాగ్‌లో పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో ఒక రికార్డు పడుతుంది, ఏ టైముకు లేచిందో ఉంటుంది. అక్కడ 5.40కి నిద్రలోకి వెళ్తున్నానన్న రికార్డు, తర్వాత రాత్రి ఆమె ఆన్ చేసినప్పటివే. మధ్యలో ఏమీ లేదు. చెప్పిన టైముకు మిషన్‌ను లేపే వేక్ టైమర్లు చూశాను, ఏవీ లేవు. అంటే లేవలేదు, అసలు ఆగనేలేదు.

బ్యాటరీ తీసేసి, మిషన్‌ను బెంచ్ మీది డీసీ పవర్ సప్లైకి పెట్టాను. 19 వోల్టులు. దాని మీద మిషన్ ఎంత కరెంటు లాగుతోందో ఆంపియర్లలో అంకె కనిపిస్తూ ఉంటుంది. విండోస్ ఊరికే తెరిచి ఉన్నప్పుడు 0.7 దగ్గర ఆడుతోంది. ఆమె ఫైళ్లలాగే ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్ తెరిచి హైబర్నేట్ కొట్టాను. స్క్రీన్ నల్లబడింది, అంకె ఒక్కసారి 1.1కి ఎగిరింది, ఫైలు రాస్తోందన్నమాట. కొన్ని సెకన్లకు దిగి 0.01 దగ్గర నిలిచింది. పవర్ లైటు ఆరింది. సరిగ్గా జరిగితే ఇలాగే ఉండాలి. రెండోసారీ అంతే.

మూడోసారి అంకె 1.1 నుంచి దిగుతూ వచ్చి 0.38 దగ్గర ఆగిపోయింది. స్క్రీన్ నలుపే. బయటి నుంచి చూస్తే ఆగిపోయిన మిషనే. కానీ ముందంచున పవర్ లైటు తెల్లగా వెలుగుతోంది. చెవి దగ్గర పెడితే ఫ్యాన్ సన్నగా తిరుగుతున్న చప్పుడు. పది నిమిషాలు చూశాను, 0.38 కదల్లేదు. అడుగున హీట్‌సింక్ ఉన్న చోట చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి. గాలి ఆడని బ్యాగులో, జూన్ ఎండల్లో, రెండు గంటల బస్సు ప్రయాణంలో ఇది ఏమవుతుందో నాకు అప్పుడు అర్థమైంది. పవర్ బటన్ అలాగే నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేస్తే ఎక్సెల్‌లో కర్సర్ వదిలిన గడిలోనే మెరుస్తోంది.

పదిసార్లు చేస్తే నాలుగుసార్లు ఇలా ఇరుక్కుంది. ముందు వారం కౌంటర్ మీద రెండుసార్లే చూసి పంపిన నాకు ఎందుకు దొరకలేదో కూడా తెలిసింది. అప్పుడప్పుడూ వచ్చే జబ్బుకు రెండు పరీక్షలు పరీక్షలే కావు.

తర్వాత స్లీప్, షట్‌డౌన్ కూడా అలాగే వరసగా చేసి చూశాను. రెంటిలోనూ అప్పుడప్పుడు అదే 0.38. అంటే ఇది హైబర్నేట్‌కు మాత్రమే వచ్చిన జబ్బు కాదు, విండోస్ ఏ రకంగా కరెంటు ఆపబోయినా వస్తోంది. మొదటిసారి స్లీప్‌లో కొత్త బ్యాటరీ మూడున్నర గంటల్లో ఎందుకు చచ్చిందో ఆ లెక్క కూడా ఇక్కడే తేలింది. మరి తప్పు బోర్డుదా, విండోస్‌దా? విండోస్ అవసరం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో బూట్ చేసి, అక్కడి నుంచి పదిసార్లు పవర్ ఆఫ్ చేశాను. పదికి పది 0.01. బోర్డు తన పని తాను సరిగ్గానే చేస్తోంది. విండోస్ వైపున ఏదో డ్రైవర్ అడ్డం పడుతోంది. ఈ పరీక్షకు అర్ధగంట పట్టింది. కానీ బోర్డు మీద ఐసీలు (చిప్‌లు) వేడి చేసి చూసే పని, కస్టమర్‌కు అయ్యే ఖర్చు రెండూ తప్పాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలనే చెబుతాను.

డ్రైవర్ల విషయంలో కూడా మెట్టును బట్టే అనుమానించాలి. ఫైలు రాసేటప్పుడు ఇరుక్కుంటే స్టోరేజ్ డ్రైవర్‌ను చూస్తాను. తిరిగి లేచేటప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోతే డిస్‌ప్లే డ్రైవర్. కరెంటు కట్ అయ్యే దగ్గర ఆగితే, ఈ తరం మిషన్లలో నేను ముందు చూసేది మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్. చిప్‌సెట్ లోపల ఉండే చిన్న కంట్రోలర్ అది. అసలు ప్రాసెసర్ ఆగి ఉన్నా అది పని చేయగలదు. దానికీ విండోస్‌కూ మధ్య మాట నడిపేది ఈ డ్రైవర్. విండోస్ 8.1 నాటి మిషన్లను విండోస్ 10కి మార్చినప్పుడు అప్‌డేట్ ద్వారా 11తో మొదలయ్యే వెర్షన్ దిగేది. 2015, 2016 రోజుల్లో పాత తరం మిషన్లు చాలావాటిలో స్క్రీన్ ఆరి లైటు వెలుగుతూ ఉండిపోయే లక్షణం దాని వల్లే వచ్చేది. అంతకు ముందు తరం వెర్షన్, 9.5 గానీ 10 గానీ వేస్తే పోయేది.

డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ కింద ఆ ఎంట్రీ తెరిచి డ్రైవర్ ట్యాబ్ చూశాను. వెర్షన్ 11తోనే మొదలైంది.

మిషన్ తయారుచేసినవాళ్ల సపోర్ట్ పేజీలో ఆ మోడల్‌కు విండోస్ 8.1 కోసం ఇచ్చిన పాత డ్రైవర్ ఇంకా ఉంది, 9.5 వెర్షన్. ఎక్కడెక్కడి నుంచో దొరికే డ్రైవర్ ప్యాక్‌లు మాత్రం నేను వాడను. వైఫై ఆపేసి, ఉన్న డ్రైవర్‌ను సాఫ్ట్‌వేర్‌తో సహా తొలగించే టిక్ పెట్టి తీసేసి, పాతది వేసి రీస్టార్ట్ చేశాను. ఆ తర్వాత హైబర్నేట్ ఇరవైసార్లు, స్లీప్ పదిసార్లు, ప్రతిసారీ అంకె చూస్తూ చేశాను. హైబర్నేట్‌లో ఒక్కసారి కూడా 0.02 దాటలేదు. స్లీప్‌లో 0.04 దగ్గర నిలిచింది, ర్యామ్‌కు అందుతున్న కరెంటు అది.

బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ ముందే చేసి ఉండొచ్చు కదా అని తోటి టెక్నీషియన్ ఒకరు అడిగారు. తయారీదారు పేజీలో కొత్త బయోస్ ఉన్న మాట నిజమే. కానీ కరెంటు కట్ కావడంలోనే తేడా ఉన్న మిషన్‌కు, ఏ కారణమో తేలకముందే బయోస్ రాయడం నాకు ఇష్టం లేదు. మధ్యలో ఇరుక్కుంటే బోర్డే పోతుంది. వెనక్కి తిప్పుకోగలిగిన మార్పు ముందు, తిప్పుకోలేనిది చివర. డ్రైవర్‌తో సరిపోయింది కాబట్టి బయోస్ జోలికి పోలేదు.

ఆ రాత్రి మిషన్ ఇవ్వలేదు. వైఫై కలిపి షాపులోనే ఉంచాను. పొద్దున చూస్తే అనుకున్నంతా అయింది, అప్‌డేట్ మళ్లీ 11 వెర్షన్‌ను తెచ్చి పెట్టింది. అప్‌డేట్లను దాచడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన షో ఆర్ హైడ్ అప్‌డేట్స్ అనే చిన్న టూల్ ఒకటి నా దగ్గర ఉంది. మళ్లీ పాత డ్రైవర్ వేసి, ఆ టూల్‌తో ఈ ఒక్క అప్‌డేట్‌ను దాచేశాను. ఇంకో రోజంతా నెట్‌లో ఉంచితే మళ్లీ రాలేదు. ఈ పని చేయకుండా ఇచ్చి ఉంటే ఆమె మూడోసారి వచ్చేది.

మిషన్ తీసుకునేటప్పుడు ఆమె ఒక మాట అడిగింది. “రోజూ హైబర్నేట్ చేస్తే ఎస్‌ఎస్‌డీ పాడవుతాదని మా ఆఫీసులో అంటారన్నా.” లెక్క వేసి చూపించాను. ఒకసారి చేస్తే ఎక్కువలో ఎక్కువ 3.2 జీబీ రాస్తుంది. రోజుకు రెండుసార్లు అంటే ఆరున్నర, ఏడాదికి రెండు టెరాబైట్ల పైచిలుకు. ఇలాంటి ఎస్‌ఎస్‌డీలు ఎంత రాత తట్టుకుంటాయని కంపెనీలు చెప్పే అంకె సాధారణంగా పదుల టెరాబైట్లలో ఉంటుంది. ఈ మిషన్ బతికినంత కాలం ఆ భయం అక్కర్లేదు.

ఇప్పటి కొత్త లాప్‌టాప్‌ల సంగతి వేరు. చాలావాటిలో ఎస్3 స్లీప్ లేదు, దాని బదులు మోడర్న్ స్టాండ్‌బై, అంటే ఫోన్‌లాగా సగం మేలుకునే ఉండే నిద్ర ఉంటుంది. బ్యాగులో వేడెక్కిందంటూ అవి వచ్చినప్పుడు కూడా పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఎ దగ్గరే మొదలుపెడతాను, కానీ దారి వేరుగా ఉంటుంది. ఈ కేసును వాటికి అలాగే వర్తింపజేయకండి.

రెండోసారి చేసిన పనికి డబ్బులు తీసుకోలేదు, మొదటిసారే పట్టాల్సింది కాబట్టి. బ్యాటరీ మీద ఆమె పెట్టిన ఖర్చు మాత్రం ఎవరూ తిరిగివ్వరు. పాత బ్యాటరీ ఆ షాపువాళ్లే ఉంచుకున్నారట. దాన్ని పరీక్షించే అవకాశం కూడా లేదు.

ఆగస్టులో సీజన్ అయిపోయాక, మూత హింజ్ వదులైందని ఆమె మళ్లీ వచ్చింది. బిగించి ఇచ్చాను. కౌంటర్ ముందే ఏదో షీట్ తెరిచి రెండు చీటీలు చూసుకుంది, మూత వేసింది. వెంటనే బ్యాగులో పెట్టలేదు. లాప్‌టాప్‌ను కాస్త వంచి, పక్కన ఉన్న చార్జింగ్ లైటు కాదు, ముందంచున ఉన్న పవర్ లైటు వైపే చూస్తూ నిలబడింది. అది ఆరాక జిప్పు వేసుకుని బస్టాండు వైపు వెళ్లింది.